ఉభయకుశలోపరి, మూడు వారాలు ఆలస్యంగా

విదేశాల్లో ఉంటున్న గోదావరి జిల్లాల బిడ్డలందరూ తక్షణం వాట్సాప్ మానేసి, పోస్టులో ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాలని మనవి చేసుకుంటున్నాను. సెంటిమెంటు కోసం కాదండి. కాగితంలో మట్టివాసన, అక్షరాల్లో అమ్మ చేతి వెచ్చదనం గురించి రాసేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల పొట్ట కొట్టను. నాది శాంతిభద్రతల సమస్య.

ఉత్తరం గొప్పతనమంతా ఆలస్యంగా చేరడంలోనే ఉంది.

నేనుండేది అమెరికాలో. మా అమ్మ ఉండేది సఖినేటిపల్లి దగ్గర ఒక లంకలో. మొన్నామధ్య చలికాలంలో వీడియో కాల్‌లో ఒక్కసారి దగ్గాను. ఒక్కటంటే ఒక్కసారి. ఐదు నిమిషాల్లో రాజోలు అత్తయ్య మిరియాల కషాయం కొలతలతో సహా పంపింది. నరసాపురం బాబాయి ‘ఏసీలో పడుకోవద్దని చెప్పానా లేదా’ అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. బయట మోకాలి లోతు మంచులో ఉన్నవాడికి ఏసీ! తెల్లారేసరికి అమ్మ గ్రామదేవతకి నా పేరున ముడుపు కట్టేసింది. అదే దగ్గు ఉత్తరంలో రాసి ఉంటే? మూడు వారాలకి చేరేది. అప్పటికి దగ్గు ఉండదు. కషాయం రాసిన జవాబు నాకు అందేసరికి ఆ దగ్గు నాదేనా, పక్కింటివాడిదా అన్నది కూడా గుర్తుండదు.

మన పెద్దలు ‘ఉభయకుశలోపరి’ అని అంత ధీమాగా ఎలా రాయగలిగారనుకున్నారు? తనిఖీ చేసేవాడు లేక. ఆ మాట వీడియో కాల్‌లో అని చూడండి. ‘ఏం కుశలంరా, కళ్లకింద ఆ నలుపేంటి’ అంటారు.

ఇక తగాదాలు. మా దొడ్లో, పక్కవాళ్ల దొడ్లో కాకుండా సరిగ్గా గట్టు మీద ఒక కొబ్బరిచెట్టుంది. వేర్లు మావి, వాలింది వాళ్లవైపు. ఫోనొచ్చాక దాని కాయ ఎటు పడ్డా నాకు ప్రత్యక్ష ప్రసారమే. నాకు అర్ధరాత్రి, వాళ్లకి మిట్టమధ్యాహ్నం. ‘నువ్వు ఎవరివైపో ఇప్పుడే చెప్పు’ అంటారు. ఉత్తరాల రోజుల్లో అయితే నా తీర్పు చేరేలోపు ఆ కాయతో పచ్చడి చేసుకుని, గిన్నెడు పక్కింటికి కూడా పంపి ఉండేవారు.

ఖర్చు సంగతి దాచను. అమెరికా నుంచి మామూలు ఉత్తరానికి అంటించే విదేశీ స్టాంపు గుండ్రంగా, చిన్న అప్పడంలా ఉంటుంది. 2025 ఆఖరుకి దాని ధర 1 డాలరు 70 సెంట్లు, అంటే మన 150 రూపాయలకి కాస్త అటూఇటూ. ఆ డబ్బుతో మన దగ్గర అర్ధరూపాయి పోస్టు కార్డులు 300 కొనొచ్చు. అమ్మకి ఈ లెక్క చెప్పకుండా ఉండాల్సింది. ‘అయితే కార్డులు కొని నేనే నీ పేరున రాసుకుంటాను, డబ్బు పంపు’ అంది.

చిరునామా రాయడం ఇంకో ఘట్టం. చివరి వరుసలో ఇండియా అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాయమంటారు అక్కడివాళ్లు. వాళ్లకి కావలసింది అంతే. రైసుమిల్లు వెనక, పంటకాలువ గట్టు, రామాలయం ఎదురు అన్నది వాళ్ల తలనొప్పి కాదు. నా చెయ్యి మాత్రం ఇంకా ‘తూర్పుగోదావరి జిల్లా’ అనే రాస్తుంది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా పుట్టింది. మా ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లాయే లేచి వెళ్లిపోయింది. ఆ 533తో మొదలయ్యే పిన్ కోడ్ ఒక్కటే మాట మీద నిలబడింది.

మరి జవాబో? 1874లో స్విట్జర్లాండులోని బెర్న్‌లో ఇరవై రెండు దేశాలు కూర్చుని టపా ఒప్పందం రాసుకున్నప్పుడు ఒక చిత్రమైన నమ్మకం పెట్టుకున్నాయి. ఉత్తరం వెళ్తే జవాబు వస్తుంది, రాకపోకలు సమానం, కాబట్టి బట్వాడా చేసినందుకు ఒకరికొకరు పైకం ఇచ్చుకోనక్కర్లేదు అని! దాదాపు వందేళ్లు అలాగే నడిపి, 1969లో గానీ కళ్లు తెరవలేదు. కొడుకుల్ని కువైట్ పంపిన కోనసీమ తల్లిని ఒక్కర్ని అడిగి ఉంటే ఆ సమావేశంలోనే తేలిపోయేది.

మా అమ్మ మాత్రం జవాబు రాసే మనిషే. కానీ 2025 ఆగస్టులో అమెరికా 800 డాలర్లలోపు సరుకుకి ఉన్న సుంకం మినహాయింపు ఎత్తేసింది. వసూలు ఎవరు చెయ్యాలో తేలక, ఆ నెలాఖరుకి మనవాళ్లు అమెరికా టపా బుకింగ్ మొత్తం ఆపేశారు, ఉత్తరాలతో సహా. అక్టోబరు 15 దాకా అంతే. కబుర్లకి సుంకమేమిటండీ అని అమ్మ పోస్టాఫీసులో వాదించిందట. ఆ ఆరేడు వారాలు నాకు ఎవరి కషాయమూ కాగితం మీద అందలేదు. వాట్సాప్‌లో అందింది.

నా సిద్ధాంతానికి ఆఖరి రుజువు మొన్నటి సంక్రాంతి. ‘ఈసారి పండక్కి వస్తున్నాను’ అని డిసెంబరులో ఉత్తరం వేసి, ఫోనులో మాత్రం నోరు మెదపలేదు. భోగినాడు నేనే గోదావరి దాటించే పంటు దిగి ఇంటికొచ్చాను. ముక్కనుమ రోజున అరుగు మీద నులకమంచమెక్కి అరిసె కొరుకుతుంటే పోస్టుమేన్ వచ్చాడు.

‘అమ్మగారూ, అబ్బాయిగారు అమెరికా నుంచి రాశారండి’ అని కవరు అమ్మ చేతిలో పెట్టి, నావైపు తిరిగి, ‘బావున్నారాండి’ అన్నాడు.

కళ్లజోడు లోపలుందని అమ్మ కవరు నాకే ఇచ్చింది. గొంతు సవరించుకుని చదివాను. ఉభయకుశలోపరి దగ్గర నన్ను ఒకసారి పైనుంచి కిందిదాకా చూసింది. పండక్కి వస్తున్నానన్న ముక్క వినగానే చేటలో బియ్యం పక్కన పెట్టింది.

‘అయితే నువ్వు లేచి ఆ మంచం ఖాళీ చెయ్యి బాబూ. మా అబ్బాయి వస్తున్నాడంట.’