అరుదైన అభిరుచి డాక్టర్ సీటుకు కొలమానమా?

అమెరికాలో మెడికల్ కాలేజీ సీటు కోరే విద్యార్థి డిగ్రీ మార్కులు, వైద్య ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ స్కోరుతోపాటు తాను చేసిన పనులు, వ్యాపకాల చిట్టా కూడా సమర్పించాలి. అక్కడి కాలేజీల్లో ఎక్కువ శాతం వాడే ఉమ్మడి దరఖాస్తు ఎంకాస్‌లో ఇందుకోసం 15 గళ్లు ఉంటాయి. ఒక్కో గడిలో 700 అక్షరాలకు మించి రాయడానికి వీల్లేదు. తనకు అన్నిటికన్నా విలువైనవని అనిపించిన మూడింటి గురించి మాత్రం మరో 1,325 అక్షరాల వరకు రాసుకోవచ్చు. ప్రతి పనికీ తేదీలు, వెచ్చించిన మొత్తం గంటలు, ఆ సంగతి తెలిసిన వ్యక్తి వివరాలు ఇవ్వాలి. పరిశోధన, ఆస్పత్రిలో సేవ, ఉద్యోగం వంటి విభాగాల సరసనే అభిరుచులకూ ఒక విభాగం ఉంది. 2024-25 విద్యా సంవత్సరానికి దాదాపు 52 వేల మంది దరఖాస్తు చేసుకోగా, చేరినవారు 23 వేల పైచిలుకు మాత్రమే.

ఇంత పోటీలో, చాలామంది మార్కులు దగ్గరదగ్గరగా ఉన్న చోట, ఎంపిక సంఘం దృష్టిలో పడేందుకు ఏదో ఒక ప్రత్యేకత ఉండాలని విద్యార్థులు అనుకోవడం సహజం. తేనెటీగల పెంపకం, పాత గడియారాల మరమ్మతు, కమ్మరి పని, బధిరుల సంజ్ఞా భాష వంటివి దరఖాస్తుల్లో మెరవడానికి కారణం కొంత నిజమైన ఆసక్తి అయితే, మరికొంత 'పదిమంది చేయనిది చెయ్యి' అనే సలహా. ఈ సలహా పిల్లలను తప్పుదారి పట్టిస్తోందన్నది నా నిశ్చితాభిప్రాయం. ఒక వ్యాపకం ఎంత అరుదైనదన్న దానికీ, అది చేసినవారు మంచి వైద్యులు అవుతారా అన్న దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ పనిలో ఎన్నాళ్లు నిలబడ్డారు, ఎంత లోతుకు వెళ్లారు, పని చెడినప్పుడు ఏం చేశారు అన్న మూడు విషయాలనే ఎంపిక చేసేవారు తరచి చూడాలి.

తేనెటీగలనే తీసుకుందాం. పెట్టె పక్కన నిలబడి ఫొటో దిగడానికి ఒక ఆదివారం చాలు. నాలుగేళ్లు పెంచినవారికి మాత్రం వరోవా అనే నల్లి సంగతి తెలిసే ఉంటుంది. ఈగల ఒంటిని పట్టుకుని తేనెపట్టు మొత్తాన్ని కుంగదీసే ఈ నల్లి ఎంత ఉందో తేల్చడానికి, రాణి ఈగ ఆ గుంపులో లేదని సరిచూసుకుని, పిల్లపురుగులున్న చట్రం మీది నుంచి అరకప్పు ఈగలను, అంటే సుమారు 300 ఈగలను, ఒక సీసాలోకి దులిపి ఆల్కహాల్‌లో కడిగి, అడుగుకు రాలిన నల్లులను లెక్కపెడతారు. నూరు ఈగలకు రెండు మూడు నల్లులు తేలితే మందు వేయక తప్పదు. కడిగిన ఆ 300 ఈగలూ చచ్చిపోతాయి. కొద్దిపాటి నమూనా చూసి మొత్తం పరిస్థితిని అంచనా వేయడం, ఏ హద్దు దాటితే చికిత్స మొదలుపెట్టాలో ముందే తెలిసి ఉండటం, పరీక్ష వల్ల జరిగే నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం, మందు వేశాక మళ్లీ లెక్కించి చూసుకోవడం వార్డులో డాక్టరుకు రోజూ అవసరమయ్యేవే. 'నిరుడు చలికాలంలో ఎన్ని పట్లు పోయాయి, ఎందుకు పోయాయి?' అని ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న వేస్తే, ఫొటో కోసం పెంచినవారెవరో, పెట్టె ముందు మోకరిల్లి కారణం వెతికినవారెవరో తేలిపోతుంది. ఇదే ప్రశ్నను గడియారాలు బాగుచేసేవారినీ, క్రికెట్ ఆడేవారినీ కూడా అడగవచ్చు. క్రికెట్ అందరూ ఆడేదే కదా అని దాన్ని పక్కన పెట్టాల్సిన పనిలేదు.

వ్యాపకానికీ వైద్యానికీ ఉన్న సంబంధం కొత్తగా కనిపెట్టింది కాదు. 1816లో పారిస్‌లోని నెకర్ ఆస్పత్రిలో కాగితం గొట్టంతో గుండె చప్పుడు విని, స్టెతస్కోపుకు నాంది పలికిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్‌కు పిల్లనగ్రోవి వాయించే అలవాటు ఉండేది. ఆ తర్వాత చెక్కతో స్టెతస్కోపులను తరిణె (లేత్) మీద ఆయన స్వయంగా చేసుకున్నాడు. ఇటీవలి కాలానికి వస్తే, వారానికి 3 గంటలకు మించి వీడియో గేములు ఆడిన అలవాటున్న సర్జన్లు లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా చేసే శస్త్రచికిత్స) శిక్షణ పరీక్షలో 37 శాతం తక్కువ తప్పులు చేశారని, 27 శాతం వేగంగా పనిచేశారని 2007లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. ఫిలడెల్ఫియాలో 36 మంది మొదటి సంవత్సరం వైద్య విద్యార్థులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆర్ట్ మ్యూజియంలో చిత్రాలను చూసే శిక్షణ ఇస్తే, ఆ జట్టువారి పరిశీలన శక్తి మెరుగుపడిందని 2018లో మరో అధ్యయనం తేల్చింది. వీటిని చూపించి 'ఫలానా వ్యాపకం ఉంటే మంచి డాక్టర్ అవుతారు' అనేస్తే మాత్రం అన్యాయం. మొదటి అధ్యయనంలో ఉన్నది 33 మంది, పైగా వాళ్లంతా అప్పటికే ఆ వృత్తిలో ఉన్నవారు. రెండోదాంట్లో అభిరుచి ఉన్నవారిని ఏరుకోలేదు, కాలేజీలో చేరాక శిక్షణ ఇచ్చారు. రెండోది నిజానికి కాలేజీల బాధ్యతను గుర్తుచేసే అధ్యయనం.

మార్కుల కొలబద్దను కాస్త సడలిస్తే ఏమవుతుందో చూపిన పెద్ద ప్రయోగం న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ మెడికల్ స్కూలుది. సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం వంటివి చదువుతున్న డిగ్రీ విద్యార్థులకు ఎంక్యాట్ లేకుండా, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ వంటి షరతులు లేకుండా ముందే సీటు ఖాయం చేసే పథకాన్ని ఆ సంస్థ 1987లో మొదలుపెట్టింది. అలా వచ్చిన 85 మందిని మామూలు దారిలో వచ్చిన 606 మందితో పోల్చి 2010లో ఫలితాలు ప్రకటించారు. మొదటి దశ లైసెన్సు పరీక్షలో వారి సగటు కాస్త తగ్గింది, మధ్యలో సెలవు తీసుకున్నవారూ కొంత ఎక్కువే. అయితే ఆస్పత్రి పనిలోనూ, మొత్తం చదువులోనూ వారు తోటివారికి తీసిపోలేదు. ఈ ఫలితాన్ని దాచకుండా, పెంచి చెప్పకుండా ప్రకటించడం నాకు నచ్చింది. అక్కడ విద్యార్థులు చూపింది 15 గళ్ల చిట్టా కాదు, ఏళ్ల తరబడి పట్టుకున్న ఒక చదువు.

గంటల లెక్క అడగడంలోనే చిక్కు ఉంది. గంటలు అడిగితే గంటలు కూడబెడతారు. కొలిచేవారున్నారని తెలిశాక ఆటా, పాటా కూడా హోంవర్క్ అయిపోతాయి. అమెరికాలోని మన తెలుగు కుటుంబాల్లో ఇంటర్ వయసులోనే మెడికల్ సీటు ఖాయమయ్యే బీఎస్-ఎండీ కోర్సుల మీద ఆశ పెట్టుకున్నవారు ఎందరో. అక్కడ కూచిపూడి, కర్ణాటక సంగీతం, స్పెల్లింగ్ పోటీలు పిల్లల బాల్యాన్ని నిజంగానే నింపాయి, వాటివల్ల భాష, సంస్కృతి నిలిచాయి కూడా. అంత కష్టపడి నేర్చుకున్న నాట్యాన్ని 'ఇది మనవాళ్లందరూ రాసేదే' అని చివరి ఏడాదిలో వదిలించి, ఎవరూ ఎరగని మరేదో వ్యాపకంలో చేర్చడం పిల్లలకు చేసే అపకారం. పళ్లెం అంచు మీద నిలబడి తరంగం ఆడటానికి పదేళ్లు సాధన చేసిన అమ్మాయి, అరికాలి మీద బరువు ఎటు మారుతోందో, ఎప్పుడు తడబడిందో, గురువు ఏమని దిద్దారో రాస్తే ఆ 700 అక్షరాలూ ఆమెవే అవుతాయి. నాట్యం సామాన్యమైపోయినా ఆ అనుభవం ఆమె ఒక్కదానిదే.

డబ్బు సంగతి కూడా మరువరాదు. పర్వతారోహణకూ, విదేశాల్లో సేవా యాత్రకూ ఖర్చవుతుంది. సాయంత్రాలు కిరాణా దుకాణంలో కూర్చున్న కుర్రాడు, డయాలసిస్‌కు వెళ్లే నానమ్మకు దుబాసీగా తోడున్న అమ్మాయి ఏ అభిరుచి రాస్తారు? దరఖాస్తులో ఉద్యోగానికి గడి ఉంది, జీవితంలో ఎదుర్కొన్న ఇబ్బందుల గురించి విడిగా రాసే అవకాశమూ ఉంది. అయినా ఇంటి చాకిరీ కూడా లెక్కలోకి వస్తుందని ఆ పిల్లలకు గట్టిగా చెప్పేవారు తక్కువ. ఈ మాటను కాలేజీలు తమ ప్రవేశాల ప్రకటనలోనే స్పష్టంగా రాయాలి.

మన దేశంలో పరిస్థితి పూర్తిగా ఎదురు. నీట్‌లో 720కి ఎన్ని వచ్చాయన్నదే ప్రశ్న. అభ్యర్థులను రోజుల తరబడి దగ్గరుండి గమనించి, ఇంటర్వ్యూ చేసి తీసుకునే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ కూడా ఎంపికకు నీట్‌నే ఆధారం చేసుకోవాలని 2020లో సుప్రీంకోర్టు తీర్పుతో తేలిపోయింది. ఒక మంచి పద్ధతి అలా పోవడం నాకు బాధ కలిగించినా, వ్యాపకాలకు మార్కులు కలపాలని మన దగ్గర ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తెలుగు రాష్ట్రాల్లో క్రీడా కోటా ధ్రువపత్రాల చుట్టూ ఎన్ని వివాదాలు రేగాయో చూశాం. 22 లక్షల మందికి పైగా రాసే పరీక్షకు వ్యాపకాల ధ్రువపత్రం తోడైతే, దాన్ని ముందుగా కొనుక్కునేది ఉన్నవారే.

అయితే ఈ రెండు పద్ధతులూ ఒకే మనిషి జీవితంలో ఎదురుపడే సందర్భం ఒకటుంది. గుంటూరులోనో వరంగల్‌లోనో ఎంబీబీఎస్ ముగించి అమెరికాలో రెసిడెన్సీకి, అంటే ఆస్పత్రిలో పొందే పై శిక్షణకు వెళ్లాలనుకునే యువ డాక్టరు, అందుకు వాడే ఈరాస్ దరఖాస్తు తెరిస్తే అక్కడా అభిరుచుల గడి కనిపిస్తుంది. 2022 జనవరి నుంచి అక్కడి వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ మొదటి దశకు స్కోరు లేదు, పాసా ఫెయిలా అన్నదే చెబుతారు కాబట్టి మిగతా గళ్ల మీద చూపు మరింత పెరిగింది. తెల్లవారుజామున స్టడీ అవర్‌కు లేచి, రాత్రి పొద్దుపోయే దాకా బిట్లు చేసి, లాంగ్ టర్మ్ కోచింగ్‌లో మరో ఏడాది గడిపినవారు అక్కడ 'ప్రయాణాలు, సినిమాలు, వంట' అని రాసి ఊరుకుంటున్నారు. ఊళ్లో జాతరకు వేసే పౌరాణిక నాటకంలో పద్యం పాడిన కుర్రాడు కూడా అది అమెరికావాళ్లకు అర్థం కాదనుకుని వదిలేస్తాడు. హార్మోనియం శ్రుతికి గొంతు అందనప్పుడు ఆ వందలమంది ముందు ఏం చేశాడో అతను రాయాలి. అలాంటివేవీ మిగలనంతగా చదువుకే అంకితమైనవారు లేని వ్యాపకాన్ని అద్దెకు తెచ్చుకోనక్కర్లేదు. హౌస్ సర్జన్సీలో నైట్ డ్యూటీ దిగాక ఏ పని చేస్తే మనసు తేలికపడిందో అదే రాస్తే చాలు. ఇంటర్వ్యూలో దాని గురించి పది నిమిషాలు ఆగకుండా మాట్లాడగలగాలి.