పందెం కోడి గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 1970 మోడల్ షెవర్లే షెవెల్ కారు గారికి,

డాలస్ శివార్లలో, ఇంకా ఇరవై రెండేళ్ల వాయిదాలు మిగిలిన ఒక ఇంటి గరాజు నుంచి మీ యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. కుశలం అన్నది మర్యాదకే లెండి. నా నడుం సంగతి మీకు తెలుసు, మీ నడుం సంగతి నాకు బిల్లుల్లో తెలుస్తూనే ఉంది.

మీరు నాకంటే పన్నెండేళ్లు పెద్ద. మాది తెనాలి. పెద్దవాళ్లని మేం మీరు అనే అంటాం, వాళ్లు ఇల్లంతా నూనె కార్చినా సరే.

మీ ఒంటి మీద ఎస్ఎస్, అంటే సూపర్ స్పోర్ట్, అని అక్షరాలున్నాయి. పుట్టింది మాత్రం షెవెల్‌లోనే మాలిబూ అనే మామూలు రకంగా. అక్షరాలు తర్వాత ఎవరో అంటించారు, ఇంజనూ తర్వాత ఎవరో బిగించారు. నేనేం అనుకోలేదు. పెళ్లి సంబంధాల బయోడేటాల్లో ఇంతకన్నా పెద్ద బ్యాడ్జీలు అంటించడం చూసినవాణ్ణే. పైగా ఆ ఇంజను 454 క్యూబిక్ అంగుళాలది, మన లెక్కలో 7.4 లీటర్లు. మా నాన్న నడిపిన మారుతి 800 ఇంజన్లు తొమ్మిది కలిపి పోసినా ఇంకా కాస్త చోటు మిగులుతుంది. మీ సైజు కార్లలో 400 అంగుళాలు దాటిన ఇంజను పెట్టకూడదని జనరల్ మోటార్స్ వాళ్లు తమకు తామే ఒక కట్టుబాటు పెట్టుకుని, 1970 మోడళ్లతో దాన్ని ఎత్తేశారు. ఎల్ఎస్6 అనే రకానికి 450 హార్స్‌పవర్ అని కాగితం మీద రాసి మరీ అమ్మారు. 1973లో పెట్రోలు కరువు వచ్చాక అలా రాసే ధైర్యం చాలా ఏళ్లు ఎవరికీ లేకపోయింది.

ఆ తర్వాత మీరు ఒక డ్రాగ్ రేసు పిచ్చాయన చేతిలో పడ్డారు. పావు మైలు, అంటే 1,320 అడుగులు, నేరుగా, ఒక్క మలుపు లేకుండా. దానికోసమే మిమ్మల్ని పెంచాడు. భీమవరం వైపు పందెం కోడికి బాదంపప్పులు పెట్టి, ఈత కొట్టించి పెంచుతారే, అలా. హీటరు బరువని పీకేశాడు. వెనక సీటు పీకేశాడు. కిటికీలకి అద్దం బదులు ప్లాస్టిక్ బిగించాడు, అది దిగదు. ఆయన తప్పేం లేదు. అలాంటి కోడిని కొనుక్కొచ్చి రోజూ గుడ్లు పెట్టమన్నది నేను.

మొదట మా అమ్మ గురించి చెప్పాలి. వేసవికి వచ్చింది. శనివారం హనుమంతుడి గుడికి మీలో తీసుకెళ్దామనుకున్నాను. మా ఆవిడా పిల్లలూ వ్యానులో వెనక వచ్చారు, మీలో ఉన్నవి రెండే సీట్లు కదా. తలుపు తీస్తే అడ్డంగా రోల్‌కేజ్ ఇనప కడ్డీ, బండి పల్టీ కొడితే లోపలివాణ్ణి కాపాడే చట్రంలోది. అమ్మ ఒక చేత్తో కొబ్బరికాయ, ఒక చేత్తో పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని దాన్ని కాసేపు చూసింది. "ఏరా, గోడ దూకి గుడికెళ్లాలా?" అంది. దూకింది కూడా, నా భుజం ఆసరాతో.

గుడి పార్కింగులో అసలు కథ. కారు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువా లోపలి చక్రం తక్కువా తిరగాలి. మీ వెనక ఇరుసులో స్పూల్ అనే ఇనప ముద్ద రెండు చక్రాల్నీ ఒకటే కట్టు కట్టేసింది. నేరుగా దూకడానికి దాన్ని మించింది లేదు. స్టీరింగు తిప్పగానే మాత్రం మీరు కీచుమంటూ గెంతారు. మళ్లీ తిప్పితే మళ్లీ గెంతారు. మీ సైలెన్సరు, అంటే సైలెన్సరు ఉండాల్సిన చోటు, చేసిన దడదడకి పక్కనున్న రెండు కార్ల అలారాలు మోగాయి. ప్రదక్షిణలు చేస్తున్నవాళ్లు ఆగిపోయారు. "బండికి స్వామి పూనాడ్రా" అంది అమ్మ, చాలా మామూలుగా. పూజారిగారు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టారు. ముందు బ్రేకులు బిగబట్టి వెనక టైర్లను పొగలొచ్చేదాకా అరగదీయడానికి మీకో మీట ఉందని ఆయనకి చెప్పలేదు.

బ్రేకులంటే గుర్తొచ్చింది. మీ క్యామ్‌షాఫ్ట్, అంటే ఇంజను కవాటాల్ని తెరిచే కడ్డీ, రేసుది. నింపాదిగా నిలబడి ఉన్నప్పుడు ఇంజనులో వాక్యూమ్ సరిగా పుట్టదు. వాక్యూమ్ లేకపోతే పవర్ బ్రేకు పని చెయ్యదు. అందుకని మీ పాత యజమాని ఆ సరంజామాయే పెట్టలేదు. సిగ్నల్ దగ్గర మిమ్మల్ని ఆపడమంటే ఏతం తొక్కినట్టే. ఇక రెండే గేర్లు. మా ఊళ్లో బజాజ్ ఆటోకి నాలుగున్నాయి సార్. వెనక 4.56 పళ్ల నిష్పత్తి, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజను నాలుగున్నర సార్లు పైన తిరగాలి. హైవే మీద 70 మైళ్ల వేగానికి ఇంజను నిమిషానికి 3,800 చుట్లు. ఆస్టిన్ ఎంత దూరమని? మూడు గంటల పైచిలుకు. దిగాక రెండు రోజులు నాకు ఫోన్ మోగినా వినపడలేదు. దారిలో బంకులో దొరికే 93 ఆక్టేన్ మీకు పడదు, డబ్బాల్లో అమ్మే 110 కావాలి. మా మామగారికి బయటి కాఫీ పడనట్టు.

అందుకే మిమ్మల్ని సంసారపక్షంగా మార్చాలని ఒక పెద్దాయన షెడ్డుకి తీసుకెళ్లాను. ఆయన చుట్టూ తిరిగి, వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. పిస్టన్లు మార్చి కంప్రెషన్ తగ్గించాలి. క్యామ్ మార్చాలి. కార్బురేటర్ తీసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టాలి. రెండు గేర్ల పెట్టె తీసి, ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజను నెమ్మదిగా తిరిగే పై గేరు) ఉన్న నాలుగు గేర్లది పెట్టాలి, అది పెద్దది కాబట్టి ఫ్లోరు కొంత సుత్తితో కొట్టాలి. స్పూల్ తీసి, 3.55 పళ్లు వేయాలి. సైలెన్సర్లు. పవర్ స్టీరింగు. ముందు షాక్ అబ్జార్బర్లు కూడా, ఎందుకంటే మీ పాతవి తేలిగ్గా లేస్తాయి, దిగడానికి మాత్రం బతిమాలించుకుంటాయి. రేసులో ముక్కు ఎత్తి బరువు వెనక్కి నెట్టడానికి అవి బంగారం. స్పీడు బ్రేకర్ల మీద మాత్రం పడవ ప్రయాణం.

"ఇవన్నీ తీసేస్తే ఇంక మిగిలేదేంటి?" అన్నాడు.

"రంగు" అన్నాను.

ఆయన నవ్వలేదు. అడ్వాన్సు అడిగాడు.

మిమ్మల్ని కొన్నదానికంటే మచ్చిక చేసుకోడానికే ఎక్కువైంది. ఆ డబ్బుకి మెత్తటి కొత్త కారు వచ్చేదని మా ఆవిడ అంటుంది, వారానికి ఒకసారి, కందిపప్పు ధర చెప్పినంత ప్రశాంతంగా. నిజమే. కానీ షెవెల్ గారూ, ఇప్పుడు 70 మైళ్ల మీద 2,200 చుట్లే. టెక్సాస్ ఆగస్టులో 105 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండకి ఏసీ చల్లగా తగులుతోంది. వెనక సీటొచ్చింది, అందులో పిల్లలు నిద్రపోతున్నారు. తలుపుకి అడ్డం కడ్డీ తీసేశాం. హెల్మెట్ లేని తలకి ఆ ఇనుము చేసే మేలేమీ లేదని పెద్దాయనే చెప్పాడు. అమ్మ మళ్లీ వస్తే నడిచే ఎక్కొచ్చు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. మీ బానెట్ మీద గాలి పీల్చే ఆ పెద్ద మూపురం ఉంచేశాను. కింద దారి మూసేశాం, ఇప్పుడది దేన్నీ పీల్చదు. కంపెనీ పార్కింగులో కుర్రాళ్లు వచ్చి "ఎంత పవర్ అన్నా?" అని అడుగుతుంటే, మూపురం మీద చెయ్యేసి నిలబడతాను. కింద ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయని చెప్పను.

మీ గొంతు మారిన నెల, కాలనీ సంఘం నుంచి ఫిర్యాదు ఉత్తరం రాలేదు. మూడేళ్లలో మొదటిసారి. పోస్టు డబ్బా రెండుసార్లు చూసుకున్నాను.

ఇట్లు,
కాగితాల మీద మీ యజమాని

తా.క.: మీ 4.56 పళ్లూ స్పూలూ అమ్మేశానని ఇంట్లో చెప్పాను. గరాజులో సోనా మసూరి బస్తాల వెనక, పాత తువ్వాల్లో చుట్టి ఉన్నాయి. తుప్పు పట్టకుండా నూనె రాశాను. మళ్లీ బిగించడానికి ఒక్క శనివారం సరిపోతుందట, పెద్దాయన్ని ఊరికే అడిగాను.