హెడ్‌సెట్లు తర్వాత, నమూనాలు ముందు

మెదడులో ధమని ఉబ్బి చిట్లితే ఆ ఉబ్బు మెడకు చిన్న క్లిప్పు బిగించి రక్తం ఆపుతారు. క్లిప్పు బిగించడం ఒక ఎత్తు, ఉబ్బు వెనక నక్కి ఉండే వెంట్రుకంత నాళాలను తప్పించడం మరో ఎత్తు. వాటిలో ఒక్కటి ఇరుక్కున్నా రోగికి కాలూ చెయ్యీ పడిపోవచ్చు. అవి ఎటు నుంచి ఎటు పోతాయో పీజీ వైద్యులు ఇన్నాళ్లూ నేర్చుకున్నది పుస్తకంలో బొమ్మలు చూసి, ఎంఆర్‌ఐ ముక్కలను మనసులోనే ఒకదానిపై ఒకటి పేర్చుకుని, పెద్ద డాక్టరు భుజం వెనక నిలబడి.

కళ్లముందు త్రీడీ దృశ్యాన్ని నిలిపే వర్చువల్ రియాలిటీ (వీఆర్) హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆ పేర్చే పని కంప్యూటరే చేసిపెడుతుంది. 1664లో ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ వర్ణించిన, మెదడు అడుగున ఉండే ధమనుల వలయం కిందికి దూరి పైకి చూడవచ్చు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలోని గడ్డను ముక్కు దారిన తీసేటప్పుడు అటూ ఇటూ మెదడుకు రక్తం తెచ్చే కెరోటిడ్ ధమనులు ఎంత దగ్గరగా ఉంటాయో, పైన కంటి నరాలు ఎక్కడ కలుసుకుంటాయో ఆ దారిలోనే నిలబడి గమనించవచ్చు. తప్పు దారి పట్టినా ఎవరి ప్రాణమూ పోదు, వెనక్కొచ్చి మళ్లీ వెళ్లవచ్చు. ఇది వట్టి మోజు కాదనడానికి పాత ఆధారమే ఉంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో 16 మంది జూనియర్ సర్జన్లతో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, వీఆర్ సిమ్యులేటర్‌పై సాధన చేసినవారు పిత్తాశయ శస్త్రచికిత్సలో ఒక కీలక ఘట్టాన్ని 29 శాతం వేగంగా ముగించారు, తప్పులూ తక్కువే చేశారు. అయితే అది తెర మీది సిమ్యులేటర్, అవయవమూ పిత్తాశయం. మెదడు అంత ఉదారంగా క్షమించదు.

తలలో గడ్డ అనగానే చిత్తూరు వాళ్లకు ఇప్పటికీ వేలూరు గుర్తొస్తుంది. కారణం లేకపోలేదు. దేశపు తొలి న్యూరో సర్జన్ జాకబ్ చాండీ 1949లో అక్కడే పని మొదలుపెట్టారు. తిరుపతికీ ఇప్పుడు కొదవ లేదు. 1960 నాటి ఎస్వీ మెడికల్ కాలేజీ, రుయా, స్విమ్స్ ఆసుపత్రులు పక్కపక్కనే ఉన్నాయి. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది. మా భయమల్లా ఎవరికి వారు టెండర్లు పిలిచి, హెడ్‌సెట్లు కొని, ప్రారంభోత్సవం ఫొటో దిగి, వారంటీ తీరాక వాటిని బీరువాలో పెట్టేస్తారేమోనని. మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థే హోలోలెన్స్ 2 అనే తన హెడ్‌సెట్ తయారీని 2024లో ఆపేసింది. పరికరాలు వస్తాయి, పోతాయి. నిలిచేది నమూనాలే. ఇక్కడి రోగుల స్కాన్ల నుంచి, వారి అనుమతితో, ఇక్కడే త్రీడీ నమూనాలు తయారుచేసుకోవాలి. అందుకు త్రీడీ స్లైసర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. లేనిదల్లా స్కాన్‌ను చూసి నాళం ఏదో, గడ్డ ఏదో ఓపికగా గుర్తుపెట్టే మనిషి. ముందు ఆ పోస్టు మంజూరు చేయాలి. మరో జాగ్రత్త: తల స్కాన్ నుంచి రోగి ముఖాన్ని మళ్లీ గీయవచ్చు. పేరు చెరిపితే చాలదు, ముఖాన్నీ చెరపాలి.

ఇక వీఆర్ వచ్చింది కదా, మృతదేహాన్ని కోసి నేర్చుకునే డిసెక్షన్ ఎందుకనే వాదన. దాన్ని మొదట్లోనే తుంచాలి. స్కాన్‌లో పడనిది హెడ్‌సెట్‌లోనూ కనబడదు. పైన చెప్పిన వెంట్రుకంత నాళాల్లో చాలావాటిని రక్తనాళాలను చూపే మామూలు సీటీ యాంజియో స్కాన్ పట్టుకోలేదు. అమెరికన్ న్యూరో సర్జన్ ఆల్బర్ట్ రోటన్ వంటివారు మృతదేహాల ధమనులకు ఎరుపు, సిరలకు నీలం రంగు ఎక్కించి మైక్రోస్కోపు కింద ఒక్కో నాళాన్నీ విప్పి చూపారు. అది ఇప్పటికీ చేత్తో నేర్చుకోవాల్సిన పనే. మెదడు ఎంత మెత్తనో, ఎంత ఒత్తితే నలుగుతుందో వేలికి తెలియాలి తప్ప కంటికి కాదు. కాబట్టి హెడ్‌సెట్ గదికి ఇచ్చే డబ్బు డిసెక్షన్ హాలు నుంచి రాకూడదు. దేహదానానికి ముందుకొచ్చే కుటుంబాలను ఒక కాగితం కోసం నాలుగు బల్లల చుట్టూ తిప్పకూడదు.

రోగి తల మీదే బొమ్మను పరిచి చూపే ఆగ్మెంటెడ్ రియాలిటీని తొందరపడి థియేటర్లోకి తేవడం ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగరబోవడమే. పుర్రె తెరిచి, పొర కోసి, ద్రవం కారిపోగానే మెదడు కుంగి పక్కకు జరుగుతుంది, ఒక్కోసారి సెంటీమీటరుకు పైగా. నిన్నటి ఎంఆర్‌ఐతో గీసిన బొమ్మ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కోత ఎక్కడ పెట్టాలో చూపడానికి అది పనికొస్తుంది. లోతుకు వెళ్లాక దాన్ని ఎంతవరకు నమ్మాలో పీజీలకు తరగతి గదిలోనే నేర్పాలి.

పీజీ కోర్సులు నడిపే వైద్య విశ్వవిద్యాలయం చేయాల్సింది ఇంకొకటుంది. వీఆర్‌లో గడిపిన గంటలను పీజీల లాగ్‌బుక్‌లో వేరే గడిలో రాయించాలి. ఆ గడి నిండింది కదా అని, ఆపరేషన్ టేబుల్ దగ్గర సీనియర్ చేయి పట్టి నేర్పే గంటలకు కోత పెడతామంటే ఒప్పుకోకూడదు.