బూజుకి బీరువా దండగ

పాపం, అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీకి ఎంత కష్టమొచ్చింది! 2024 ఫిబ్రవరిలో తన హెర్బేరియం మూసేస్తున్నానని ప్రకటించింది. ఎండబెట్టిన మొక్కలు, నాచు, లైకెన్లు, పుట్టగొడుగులు, బూజులు కలిపి 8,25,000 నమూనాలు, దాదాపు నూరేళ్ల పోగు. రెండు మూడేళ్లలో వేరే చోటు చూసుకోండి అన్నారు. అంత సరంజామా మెయింటెయిన్ చెయ్యడం భారమట. నిధి మాత్రం వెయ్యి కోట్ల డాలర్ల పైచిలుకే ఉంది.

వాళ్ల బాధ న్యాయమైనదే. ఎండిన పుట్టగొడుగు ఏం చేస్తుంది చెప్పండి? గ్రాంట్లు తేదు, దాతల విందులో ఫొటో దిగదు. మడతపెట్టిన కాగితం పొట్లంలో, పైన సిరాతో ఊరూ తేదీ రాయించుకుని, ముడుచుకుపోయి పడుంటుంది. పైగా సేవలు! పురుగు పట్టకుండా ఫ్రీజర్‌లో పెట్టాలి, తేమ తగలకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా బూజుకి బూజు పట్టకుండా కాపలా కాయాలి.

ఆ మీటింగ్ ఎలా జరిగి ఉంటుందో నాకు కళ్లకు కట్టినట్టుంది.

"ఈ పొట్లంలో ఎవరు?"

"బూజు సార్."

"ఎప్పట్నుంచి ఉంటోంది?"

"1930ల నుంచి సార్."

"ఇన్నేళ్లలో ఒక్క ప్రమోషన్ కూడా లేదా?"

"చనిపోయింది సార్."

"మరి రిజైన్ చెయ్యలేదే?"

మధ్యలో ఓ అమాయకుడు లేచి, లండన్ క్యూ గార్డెన్స్ వాళ్లు పన్నెండు లక్షలకు పైగా శిలీంధ్రాల్ని దాచారు, అందులో డార్విన్ దక్షిణ అమెరికా కొసనున్న టియెర్రా డెల్ ఫ్యూగోలో సేకరించినవి కూడా ఉన్నాయి అంటాడు. "డార్విన్ ఏ డిపార్ట్‌మెంట్?" అని అడుగుతారు. చివరికి ఆ గదిలో నాలుగు బీన్ బ్యాగులు వేసి ఇన్నోవేషన్ సెంటర్ అని బోర్డు పెట్టాలని తీర్మానం, చప్పట్లు, సమోసాలు (అమెరికాలో సమోసాలుండవా అనకండి, మనవాళ్లు లేని కమిటీ అక్కడెక్కడుంది).

1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప చేలు తెగులొచ్చి కుళ్లిపోయాయి. తర్వాతి కొన్నేళ్ల కరువులో పది లక్షల మంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షల మంది దేశం విడిచిపోయారు. ఆ కాలంలో ఎవరెవరో తెగులు ఆకుల్ని ఎండబెట్టి దాచారు. 2013లో క్యూలోనూ మ్యూనిక్‌లోనూ ఉన్న ఆ పాత ఆకుల్లోంచి డీఎన్ఏ తీసి చూస్తే, అన్నాళ్లూ అనుమానించిన రకం వేరు, అసలు హంతకుడు వేరు అని తేలింది. ఆ ఆకులు దాచిన రోజున డీఎన్ఏ అంటే ఏమిటో భూమ్మీద ఎవడికీ తెలీదు! అప్పట్లో ఇలాంటి కమిటీయే ఉండి, కుళ్లిన ఆకు ఎందుకని ఊడ్చి పారేసి ఉంటే ఎవణ్ని అడగాలి? మన గోదావరి డెల్టాలో తాటిచెట్లు మొవ్వు కుళ్లి చచ్చిపోతుంటే కారణం పట్టుకున్న మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త బట్లర్, 1905లో బిహార్‌లోని పూసాలో ఇలాంటి పొట్లాలే పోగెయ్యడం మొదలుపెట్టాడు. ఇప్పుడవి ఢిల్లీలో ఉన్నాయి. కుళ్లిన చెట్టు మళ్లీ అడిగితే దొరుకుతుందా? డబ్బు లేక కాదయ్యా మీరు మూసేది, సిగ్గు లేక!

సరే, ఓ సలహా. డ్యూక్ అంటే బాస్కెట్‌బాల్‌కి పెట్టింది పేరు కదా, ఆ పుట్టగొడుగులకి తలో జెర్సీ తొడిగి చూడండి, బడ్జెట్ అదే పుట్టుకొస్తుంది.