సవరణ: మ్యాపింగ్‌కి మెగాపిక్సెళ్లు కాదు, షట్టర్ చూడాలి

మ్యాపింగ్ కోసం, అంటే పై నుంచి ఫొటోలు తీసి నేల మ్యాపు తయారుచేయడానికి, సెకండ్‌హ్యాండ్‌లో ఏ డ్రోన్ కొనాలో పోయిన వారం రాస్తూ, 20 మెగాపిక్సెళ్ల ఫాంటమ్ 4 ప్రో కన్నా 48 ఉన్న మావిక్ ఎయిర్ 2 మేలన్నాను. అది తప్పు. నా మాట నమ్మి అడ్వాన్స్ ఇవ్వబోతుంటే దయచేసి ఆగండి.

ఫాంటమ్‌ది మెకానికల్ షట్టర్; ఫొటో మొత్తం ఒకేసారి పడుతుంది. ఎయిర్ 2ది రోలింగ్ షట్టర్, పై నుంచి కిందికి వరసవరసగా చదువుతుంది. అందుకు సెకనులో 30వ వంతు పట్టిందనుకోండి. సెకనుకు 10 మీటర్ల వేగంతో వెళ్లే డ్రోన్ ఈలోగా 33 సెంటీమీటర్లు జరిగిపోతుంది. ఫాంటమ్‌తో 100 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఒక్కో పిక్సెల్‌కి నేల మీద దాదాపు 2.7 సెంటీమీటర్లే. అంత సన్నటి కొలతల్లో 33 అంటే మాటలా! ముందుకు వెళ్తూ తీసిన ఫొటోలో పొలం ఆ మేరకు సాగినట్టో, కుంచించుకుపోయినట్టో పడుతుంది. సాఫ్ట్‌వేర్ కొంత సరిచేస్తుంది గానీ, హద్దులు తేల్చే పనికి నేనైతే దాన్ని నమ్ముకోను. పైగా ఆ 48 మెగాపిక్సెళ్లు కూడా నాలుగేసి పిక్సెళ్లకు ఒకే రంగు ఫిల్టర్ పెట్టి చెప్పిన లెక్క; ఫొటోలో అసలు వివరం అంత ఉండదు.

ఇంకొకటి. 2 కిలోల లోపు డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నాను. మన దేశపు 2021 డ్రోన్ నియమాల్లో 250 గ్రాములు దాటినవాటికి ఆ మినహాయింపు వాణిజ్యేతర వాడకానికే. డబ్బు తీసుకుని సర్వే చేస్తే సర్టిఫికెట్ ఉండాల్సిందే.