మల్లయ్య వయస్సు 36

నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్‌లో ఈ మధ్య ఒక ఫ్లెక్సీ వెలిసింది. అందులో నల్లకోటు తొడుక్కున్న ఒక పెద్దమనిషి, గణితశాస్త్రాన్ని కుస్తీలో ఇప్పుడే చిత్తుచేసి లేచినట్లు, చేతులు కట్టుకొని నిలబడి ఉంటాడు. ఆయన తలమీద ఎర్రటి అక్షరాలలో ‘లెక్క చదవకుండానే జవాబు, 5 సెకన్లలో!’ అని రాసి ఉంది. ప్రకటనల్లో ఇంత నిజాయితీని నేను చాలా కాలంగా చూడలేదు. వచ్చిన జవాబు సరైనదని ఆయన ఎక్కడా అనలేదన్న సంగతిని పాఠకులు గమనించగలరు. మా అక్క మాత్రం గమనించలేదు. ఆరు వేల రూపాయలు కట్టి, నవోదయ ప్రవేశ పరీక్ష రాయబోతున్న మా మేనల్లుణ్ని అందులో చేర్పించింది.

మూడు వారాల తర్వాత వాడి నోటుబుక్కు తెరిచి చూస్తే మొదటి పేజీలోనే గురుమంత్రం ఉంది. లెక్కలో ‘మొత్తం’ అన్న మాట కనబడితే కూడాలి, ‘మిగిలినవి’ అని కనబడితే తీసివేయాలి, ‘ఒక్కొక్కరికి’ అని కనబడితే భాగించాలి. తక్కిన మాటలన్నీ కాగితం నింపడానికి వేసినవి కనుక వాటి జోలికి పోరాదు. ఈ మంత్రబలంతో మావాడు సాధించిన లెక్కలలో ఒకటి నా మనసుకు బాగా పట్టింది. ‘ఒక రైతు సంతలో 8 మేకలను అమ్మగా 15 మేకలు మిగిలినవి. మొదట అతని వద్ద ఎన్ని మేకలు కలవు?’ ‘మిగిలినవి’ అనే మాట ఉంది కాబట్టి మావాడు 15లోంచి 8 తీసివేసి, 7 అని వేశాడు. అనగా ఏడు మేకలతో సంతకు పోయిన ఆ రైతు ఎనిమిదింటిని అమ్ముకొని, పదిహేనింటిని తోలుకొని ఇంటికి వచ్చాడు. ఇటువంటి మనిషిని సంతలో వదిలేసి రాష్ట్ర ఖజానాకు అప్పులున్నాయని మనం బాధపడుతున్నాం.

సంగతేమిటో తేల్చుకుందామని నేనూ ఒక లెక్క ఇచ్చాను. ‘మల్లయ్య దగ్గర 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. మల్లయ్య వయస్సెంత?’

“ముప్పై ఆరు మామా!”

మూడు సెకన్లు పట్టింది. ఫ్లెక్సీ మీద ఒప్పుకున్న గడువులో ఇంకా రెండు సెకన్లు మిగిలే ఉన్నాయి.

ఈ లెక్క నా సొంతం కాదు. 1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో పరిశోధకులు, ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉంటే కెప్టెన్ వయస్సెంత అని 97 మంది చిన్నపిల్లలను అడిగితే, 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక వయస్సు తేల్చి చెప్పారు. పాపం, ఫ్రెంచి పిల్లలు ఊరికే చేసిన తప్పును మావాడు ఫీజు కట్టి నేర్చుకున్నాడు.

అయితే మావాడి సిద్ధాంతాన్ని తొందరపడి కొట్టిపారేయరాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం కింద ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చింది. ముప్పై ఆరేళ్ల మల్లయ్యకు ఒక యూనిట్ అందిందనుకుందాం. 36కు 21 కలిపితే 57. వృద్ధాప్య పింఛను వయస్సును ప్రభుత్వం తగ్గించింది కూడా సరిగ్గా 57 ఏళ్లకే! ఒకే చేత్తో గొర్రెలనూ ముసలితనాన్నీ పింఛనునూ ఇచ్చిన సర్కారు చరిత్రలో ఇంకొకటి ఉంటుందా? అదే ఊళ్లో గొర్రె తోక కూడా లేని పిల్లవాడికి యూనిట్ మంజూరైతే వాడు లారీ దిగిన గొర్రెల సాక్షిగా ఇరవై ఒక్క ఏళ్లవాడై, చట్టప్రకారం అదే సాయంత్రం పెళ్లిపీటల మీద కూర్చోవచ్చు. ఇక దసరా వచ్చిందంటే మల్లయ్య పడుచువాడవుతాడు. వానకాలంలో మందకు రోగం తగిలితే బడికి పోయే ఈడుకు దిగుతాడు. మందంతా అమ్ముకున్ననాడు అతడు ఇంకా పుట్టనే లేదు. పుట్టనివాడికి సంతలో డబ్బు లెక్కపెట్టి ఇచ్చిన దళారి మీద ఏ సెక్షన్ కింద కేసు పెట్టాలో పోలీసులే తేల్చాలి. ఆధార్ కేంద్రం వారు పుట్టినతేదీ మార్పు కోసం మందను వాకిట్లోకి తోలుకొని రమ్మంటారు. లెక్కపెడుతుండగానే ఒక గొర్రె ఈనితే దరఖాస్తు మళ్లీ మొదటికి వస్తుంది.

గణిత సమస్యను సాధించడంలో నాలుగు మెట్లున్నాయని గణితవేత్త జార్జ్ పోల్యా 1945లోనే రాశాడు. మొదటిది సమస్యను అర్థం చేసుకోవడం, రెండోది ఉపాయం ఆలోచించడం, మూడోది దాన్ని అమలు చేయడం, నాలుగోది వెనక్కి తిరిగి చూసుకోవడం. మన నల్లకోటాయన మొదటి రెండు మెట్లను దూకేసి, మూడో దాని మీద గంతులు వేసి, నాలుగోది చేరకుండానే ఫీజు వసూలు చేశాడు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసినా ఏడు మేకల రైతు అక్కడే నిలబడి కనిపించేవాడు.

ఈ జబ్బు ఇక్కడిదే అనుకోకండి. 1128 మంది సైనికులను బస్సుకు 36 మంది చొప్పున తీసుకుపోవడానికి ఎన్ని బస్సులు కావాలని అమెరికాలో పదమూడేళ్ల పిల్లలను అడిగిన జాతీయ పరీక్ష ఫలితాలు 1983లో అచ్చయ్యాయి. వందకు డెబ్బై మంది భాగహారం తప్పులేకుండా చేశారు. అయినా 32 బస్సులన్నవారు 23 శాతమే. 29 శాతం మంది ‘31, శేషం 12’ అన్న బస్సులను పంపారు. మన ఆర్టీసీ కండక్టర్ అయితే ఆ పన్నెండు మందిని ఫుట్‌బోర్డు మీద సర్ది, 31 బస్సులే చాలనేవాడు. అది తప్పయినా, శేషం అంటే మనుషులని అతడికి తెలుసు.

మన దగ్గర పావులూరి మల్లన అనే కవి, మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లో చెప్పి వెయ్యేళ్లు కావస్తోంది. ఆనాటి విద్యార్థి ముందు పద్యానికి అన్వయం చెప్పుకుంటే గాని లెక్క మొదలయ్యేది కాదు. ఇక నవోదయ ప్రశ్నపత్రం చిత్రమైనది. అందులో అంకగణితం విడిగా, భాష విడిగా ఉంటాయి. భాషా విభాగంలో పేరాలు చదివి జవాబులు రాయాలి. అంటే మా మేనల్లుడు అదే పరీక్షలో, అదే బెంచీ మీద, మొదట చదవడం మానేసి, తర్వాత చదవడం మొదలుపెట్టాలి.

నోటుబుక్కులో ఇంకో పేజీ తిప్పితే, 12 మంది కూలీలు ఒక కాలువను 15 రోజులలో తవ్వితే 20 మంది ఎన్ని రోజులలో తవ్వుతారన్న లెక్క ఉంది. కిందనే సూత్రం, జవాబు 9. సరైన జవాబే. అక్కడ నాకు నవ్వు రాలేదు.

మాది పాలమూరు. మా పెద్దనాయన గుంపు మేస్త్రీ వెంట ఏడాదికి ఎనిమిది నెలలు కాలువలు తవ్వడానికి, కట్టలు కట్టడానికి పోయేవాడు. ఆయనకు లెక్క రాదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. తవ్విన గుంతను చూసి ఎన్ని తట్టల మట్టో చెప్పగలడు. పనికి పోయిన ప్రతి రోజుకూ ఒక చింతగింజను సంచిలో వేసుకొనేవాడు. ఒక ఏడు ఇంటికి వచ్చి గింజలు కుప్ప పోస్తే 231 అయ్యాయి. మేస్త్రీ పుస్తకంలో 196 రోజులే ఉన్నాయి. అప్పుడు నేను మూడో తరగతిలో ఉన్నాను. పెద్దనాయన ఆ ఎర్ర అట్ట పుస్తకాన్ని నా చేతికిచ్చి, “సదువు బిడ్డా, ఏం రాసిండో సూడు” అన్నాడు. అంకెల పక్కన ఉన్న మాటలన్నీ గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. అవి నాకు రాలేదు. అంకెలు వచ్చు. పలక తెచ్చుకొని వాటన్నింటినీ కూడాను. కూడికలో ఎక్కడా తప్పు లేదు. “సరిగ్గనే ఉన్నది పెద్దనాయనా” అన్నాను. ఆయన వేలిముద్ర వేశాడు.

ముప్పై అయిదు రోజుల ఒక మనిషి రెక్కల కష్టం ఏ మాట కింద పూడిపోయిందో నాకు ఈనాటికీ తెలియదు. వాన రోజులన్నాడో, జ్వరం రోజులన్నాడో, మరేమన్నాడో. చదవకుండా జవాబు చెప్పిన మొదటి విద్యార్థి నేనే. అందుకే ఆ ఫ్లెక్సీని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కూలీల పిల్లలు ఇప్పుడిప్పుడే నాలుగు అక్షరాలు కూడబలుక్కొని ఆ పుస్తకంలోని మాటల దాకా వస్తుంటే, డబ్బులు తీసుకొని మరీ ‘మాటలు వదిలెయ్, అంకెలు చూడు’ అని చెప్పేవాడు మాస్టారు కాదు. వాడు ఆ మేస్త్రీ కొడుకు.

మర్నాడు మా అక్క కొడుకును మాన్పించి, ఫీజు వాపసు అడగడానికి పోయింది. నల్లకోటాయన రసీదును బల్ల మీద పరిచి, అడుగున చీమతలకాయంత అక్షరాలలో ఉన్న ఒక వాక్యం కింద వేలు పెట్టి, ‘ఒకసారి చెల్లించిన రుసుము ఎట్టి పరిస్థితులలోనూ తిరిగి ఇవ్వబడదు’ అని ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా, రెండుసార్లు చదివి వినిపించాడట.