క్యోటోను కాపాడింది ఆ ప్రొఫెసర్ కన్నీళ్లు కావు

ఆగస్టు వచ్చిందంటే చాలు, ఫోన్లలో ఒక కథ తిరగడం మొదలవుతుంది. 1945లో అమెరికా మొదటి అణుబాంబును క్యోటో మీద వేయాలనుకుందట. సైన్యంలో పనిచేస్తున్న హార్వర్డ్ జపాన్ చరిత్ర పండితుడు ఎడ్విన్ రైషావర్‌కు ఆ సంగతి తెలిసి, పై అధికారి గదిలోకి పరుగెత్తి వెక్కి వెక్కి ఏడ్చారట. ఆయన గోడు యుద్ధమంత్రి హెన్రీ స్టిమ్సన్ దాకా వెళ్లిందట. అదే ఊళ్లో హనీమూన్ గడిపిన స్టిమ్సన్ మనసు కరిగి, జాబితాలోంచి క్యోటో పేరు కొట్టేశారట. అందుకే ఆ నగరం మీద ఒక్క బాంబు కూడా పడలేదట. ఆ పుణ్యానికే రైషావర్‌ను తర్వాత జపాన్‌కు రాయబారిగా పంపారట.

ఇన్ని 'అట'ల్లో గట్టిగా నిలబడేది ఒక్కటే. క్యోటో పేరు జాబితాలో ఉండేది, స్టిమ్సన్ దాన్ని తీయించారు. తక్కినదాన్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఏడుపు సంగతి. దీన్ని కొట్టిపారేసింది సాక్షాత్తూ రైషావరే. ఈ కథను ఊరూరా తిప్పింది బెర్లిన్‌లో పుట్టిన పాత్రికేయుడు రాబర్ట్ యుంక్. అణుశాస్త్రవేత్తల మీద ఆయన 1956లో జర్మన్‌లో వెలువరించిన పుస్తకంలో ఈ ఘట్టం ఉంది. రైషావర్ 1986లో అచ్చయిన తన ఆత్మకథలో దాన్ని ప్రస్తావించి, అవకాశం దొరికి ఉంటే బహుశా అలాగే చేసేవాణ్నేమో గానీ, ఇందులో ఒక్క ముక్క కూడా నిజం లేదని తేల్చేశారు. ఘనత స్టిమ్సన్ ఒక్కరిదేనని, క్యోటోలోని దోషిషా విశ్వవిద్యాలయంలో పనిచేసిన మిత్రుడు ఓటిస్ కేరీ ఆ సంగతి రుజువు చేశారని కూడా రాశారు. నాకొద్దు మొర్రో అని ఆయన మొత్తుకున్నా ఆ కిరీటం మాత్రం ఆయన తల మీంచి దిగలేదు.

పోనీ, ఆయన మాట చెల్లే చోట ఉన్నారా? 1942లో ఆయన వర్జీనియాలోని ఆర్లింగ్టన్ హాల్‌లో సైన్యం కోసం జపనీస్ భాషా శిక్షణ ఏర్పాటు చేశారు. తర్వాత పెంటగాన్‌లో సైనిక గూఢచార విభాగంలో అధికారిగా ఉన్నారు. బాంబు ఎక్కడ వేయాలన్న చర్చ మాత్రం వేరే చోట, వేరే మనుషుల మధ్య సాగింది. 1945 మే 10, 11 తేదీల్లో అణుబాంబు తయారవుతున్న లాస్ అలమోస్ ప్రయోగశాలలో, దాని అధిపతి ఓపెన్‌హైమర్ కార్యాలయంలో లక్ష్యాల కమిటీ కూర్చుంది. అందులో సైనికాధికారులు, శాస్త్రవేత్తలే గానీ జపాన్ చరిత్ర తెలిసిన పండితుడు ఒక్కరూ లేరు. హిరోషిమాతో పాటు క్యోటోను అగ్రశ్రేణి లక్ష్యంగా వాళ్లు రాసుకున్నారు. కారణాలూ రాసుకున్నారు: పది లక్షల జనాభా, పరిశ్రమలు, పాత రాజధాని. పైగా అది మేధావుల కేంద్రం కాబట్టి ఇలాంటి ఆయుధం అంటే ఏమిటో అక్కడివాళ్లకు బాగా తెలిసివస్తుందట. గుళ్లూ చదువులూ ఉన్న ఊరని క్యోటోను వదిలేశారనుకునేవాళ్లు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. ఆ చదువే దాన్ని జాబితాలో పైకి ఎక్కించింది.

అడ్డం పడింది స్టిమ్సన్. అణుబాంబు ప్రాజెక్టు అధిపతి జనరల్ లెస్లీ గ్రోవ్స్ తన జ్ఞాపకాల్లో ఆ సమావేశాన్ని వర్ణించారు. లక్ష్యాల జాబితా చూపించమని స్టిమ్సన్ అడిగితే, ముందు సైన్యాధిపతి జార్జ్ మార్షల్‌కు చూపించాలంటూ గ్రోవ్స్ దాటవేయబోయారు. ఈ విషయంలో తుది నిర్ణయం నాదేనంటూ మంత్రి పట్టుబట్టి, కాగితం తెప్పించుకుని, క్యోటో కుదరదని చెప్పి, పక్క గదిలోంచి మార్షల్‌నే పిలిపించారు. అంతటితో గ్రోవ్స్ ఊరుకోలేదు. ఆ పేరును మళ్లీ మళ్లీ ముందుకు తెస్తూనే ఉన్నారు. జులైలో మిత్రదేశాల నేతల సమావేశం కోసం స్టిమ్సన్ జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఉండగా కూడా వాషింగ్టన్ నుంచి అదే ప్రశ్న తంతి రూపంలో వచ్చింది. జులై 24న ఆయన అధ్యక్షుడు ట్రూమన్‌తో మాట్లాడి విషయం తేల్చేశారు. ఆ రోజు డైరీలో రాసుకున్న వాదన చూడండి: క్యోటోను నాశనం చేస్తే ఆ కక్ష జపనీయుల మనసుల్లో ఏళ్ల తరబడి మిగిలిపోతుంది, యుద్ధం ముగిశాక వాళ్లు మనకు కాకుండా రష్యాకు దగ్గరవుతారు. ఆయనకు ఆ ఊరంటే అభిమానం లేదని నేననను. కానీ అధ్యక్షుణ్ని ఒప్పించిన మాటల్లో కన్నీళ్లు లేవు, రేపటి లెక్కలున్నాయి.

ఖాళీ అయిన చోట ఎవరి పేరు చేరిందో కథ చెప్పేవాళ్లు చెప్పరు. జులై 25 నాటి ఆదేశంలో హిరోషిమా, కొకురా, నీగటాలతో పాటు నాగసాకి ఉంది. ఆగస్టు 9న విమానం ముందు వెళ్లింది కొకురాకు. అక్కడ కింద ఏమీ కనబడక నాగసాకి వైపు మళ్లింది.

ఇక హనీమూన్. స్టిమ్సన్ పెళ్లి 1893లో జరిగింది. క్యోటోకు వెళ్లినట్టు ఆయన డైరీలో కనిపించేది 1926లో, అంటే పెళ్లయిన 33 ఏళ్లకు. దాన్ని హనీమూన్ అంటే ఆ దంపతులే నవ్వుకునేవారు. తమాషా ఏమిటంటే, తన మీద కథను ఖండించిన ఆ పేరాలోనే రైషావర్ ఈ హనీమూన్ కబురును నిజమేనన్నట్టు రాసేశారు. చరిత్రకారులూ మనుషులే.

ఒక్క బాంబూ పడలేదన్నదీ తప్పే. 1945 జనవరి 16న ఉమమచి ప్రాంతంలో, జూన్ 26న పట్టునేతకు పేరుపడ్డ నిషిజిన్‌లో బాంబులు పడి జనం చనిపోయారు. భారీ దాడులు జరగని మాట నిజం. అందుకో కారణం, కొత్త బాంబు దెబ్బ ఎంతో స్పష్టంగా తెలియాలని లక్ష్యాల నగరాలను మామూలు దాడుల నుంచి పక్కన పెట్టడం. ఇదే ఘనతను హార్వర్డ్‌కే చెందిన కళాచరిత్రకారుడు లాంగ్డన్ వార్నర్‌కు కూడా అంటగట్టారు. ఆయనా కాదన్నారు. అయినా నారా దగ్గర హోర్యూజీ బౌద్ధాలయం పక్కన ఆయన స్మారకం వెలిసింది.

రాయబారి పదవి కెన్నెడీ హయాంలో, 1961లో వచ్చింది. యుద్ధం ముగిసి అప్పటికి 16 ఏళ్లు. 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా టోక్యో వీధులు అట్టుడికాక, అమెరికా జపాన్‌తో మాట్లాడే తీరే చెడిందని రైషావర్ ఒక వ్యాసం రాశారు. అది వాషింగ్టన్ కళ్లలో పడింది. ఆయన అర్హతలు అంతకు ముందు నుంచీ ఉన్నవే. 1910లో టోక్యోలో మిషనరీ ఇంట పుట్టారు. తొమ్మిదో శతాబ్దంలో చైనాకు వెళ్లిన బౌద్ధ భిక్షువు ఎన్నిన్ డైరీ మీద 1939లో హార్వర్డ్‌లో డాక్టరేటు పొందారు. ఆ డైరీకి ఆంగ్లానువాదం 1955లో వెలువడింది. జార్జ్ మెక్యూన్‌తో కలిసి కొరియన్ భాషకు రోమన్ లిపి పద్ధతి కూడా రూపొందించారు. ఈ పనంతా వదిలేసి ఆయన్ను ఏడిపించి పంపడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అలాగని దేవుణ్ని చేయనక్కర్లేదు. 1942 సెప్టెంబరులో ఆయన ప్రభుత్వానికి పంపిన ఒక పత్రం ఉంది. గెలిచాక చక్రవర్తి హిరోహితోను కేంద్రంగా పెట్టుకుని అమెరికా చెప్పుచేతల్లో ఉండే కీలుబొమ్మ ప్రభుత్వాన్ని నడపవచ్చన్నది అందులో సూచన. చరిత్రకారుడు తకాషి ఫుజితాని 2000లో దాన్ని వెలుగులోకి తెచ్చారు. జపాన్‌ను ప్రేమించిన మనిషి, జపాన్‌ను ఎలా ఏలాలో చెప్పిన మనిషి, ఇద్దరూ ఒకరే.

రైషావర్ వల్ల జపనీయుల ప్రాణాలు నిలిచాయని చెప్పుకోవాలనుకుంటే రికార్డుల్లో ఉన్న ఉదంతం వేరే ఉంది. 1964 మార్చి 24న టోక్యోలోని రాయబార కార్యాలయం దగ్గర 19 ఏళ్ల యువకుడు ఆయన తొడలో కత్తి దించాడు. ఎక్కించిన రక్తం వల్ల ఆయనకు హెపటైటిస్ సోకింది. అప్పట్లో జపాన్ ఆసుపత్రులకు రక్తం ఎక్కువగా డబ్బు కోసం అమ్ముకునే పేదల నుంచి వచ్చేది. రాయబారికే ఈ గతి పట్టిందని దుమారం రేగడంతో, ఆ ఏడాది ఆగస్టులోనే స్వచ్ఛంద రక్తదానాన్ని ప్రోత్సహించాలని మంత్రివర్గం నిర్ణయించింది. తర్వాతి పదేళ్లలో రక్తం అమ్మకం అక్కడ దాదాపు కనుమరుగైంది.